క్రిస్మస్‌కు కుక్కపిల్ల కావాలని పాప అడిగితే

ప్రశ్న: మాది చిత్తూరు. గ్రీమ్స్‌పేటలో మేడ మీద అద్దె ఇల్లు. నేను, మావారు ఇద్దరం ఉద్యోగస్తులం. అత్తగారు మాతోనే ఉంటారు. పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఈసారి క్రిస్మస్ తాతకు ఉత్తరం రాసి, అందులో ఒకే ఒక్క కోరిక కోరింది, కుక్కపిల్ల కావాలని. మావారు తిరుపతిలో ఒకాయన దగ్గర లాబ్రడార్ పిల్లకు అడ్వాన్స్ ఇచ్చి వచ్చారు. 24 రాత్రి తెచ్చి దాచి, 25 పొద్దున చర్చి నుంచి రాగానే పాప చేతిలో పెట్టాలని ఆయన ఆశ. అత్తగారికి కాస్త ఆయాసం ఉంది, కుక్కలంటే ఇష్టం కూడా లేదు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, నేను పశువైద్యుడిని. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకొని, ఈ ప్రాంతంలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. పాప కోరిక మంచిది, దాన్ని కాదనమని నేను చెప్పను. కానీ 25వ తేదీ పొద్దున ఆ పిల్ల మీ ఇంట్లో ఉండకూడదు. వస్తే సంక్రాంతి దాటాక, జనవరి ఆఖరులో రావాలి. అదీ మీ అత్తగారు మనస్ఫూర్తిగా సరేనన్న తర్వాతే.

ముందు పెద్దవాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. అడిగింది పాపే అయినా, ఇంటికొచ్చాక ఆ కుక్క బాధ్యత మీ ముగ్గురిదీ. లాబ్రడార్ సుమారు పది పన్నెండేళ్లు బతుకుతుంది. నాటు కుక్కను బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువే ఉండొచ్చు. ఇప్పుడు మూడో తరగతి చదివే పాప, ఆ కుక్క ముసలిదయ్యేసరికి ఇంటర్ దాటి ఏ వేలూరులోనో బెంగళూరులోనో హాస్టల్లో ఉంటుంది. కళ్లు మసకబారి, మెట్లెక్కలేక నిలబడిపోయిన ముప్పై కిలోల కుక్కను మేడ మీదికి ఎత్తుకొచ్చేది మీరో మీవారో. ఆ రోజును ఇప్పుడే తలచుకొని, 'పర్లేదు, మేం చూసుకుంటాం' అని మీరిద్దరూ అనుకోగలిగితేనే పాపకు మాటివ్వండి.

'పిలకాయలకు బాధ్యత నేర్పుదామని తెచ్చాం సార్' అని చాలామంది తల్లిదండ్రులు నాతో అనేవారు. అలాంటి ఇళ్లలో మొదటి నెల కుక్క పని బిడ్డ చేస్తుంది, రెండో నెల నుంచి అమ్మ చేస్తుంది. ఇందులో బిడ్డ తప్పేమీ లేదు. ఎనిమిదేళ్ల పాప ప్రాణంగా ప్రేమించగలదు. కానీ వానొచ్చినా, జ్వరమొచ్చినా, పరీక్షలున్నా రోజూ ఆరింటికి లేచి ఇంకో జీవి అవసరాలు చూడటం ఆ వయసుకు మించిన పని. అది పెద్దవాళ్ల చేతుల్లో ఉండి, పాప పక్కన నిలబడి సాయం చేస్తే అప్పుడు పాప నిజంగానే నేర్చుకుంటుంది.

ఇక మీ ఇంట్లో పగలు ఎలా గడుస్తుందో ఒకసారి చూద్దాం. రెండు నెలల పిల్ల పగలు రెండు మూడు గంటలకోసారి మూత్రం పోస్తుంది. నిద్ర లేవగానే, తినగానే, ఆడి అలసిపోగానే దాన్ని ఒక చోటికి తీసుకెళ్లాలి, రోజూ అదే చోటికి. మీది మేడ మీద ఇల్లు కాబట్టి ప్రతిసారీ దాన్ని ఎత్తుకొని మెట్లు దిగాలి. లేదంటే మిద్దె మీదో బాల్కనీలోనో ఒక మూల కేటాయించి, వెంటవెంటనే కడుగుతూ ఉండాలి. తిండి రోజుకు మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా. రాత్రిళ్లు తల్లి కోసం ఏడుస్తుంది. మొదటి వారం పది రోజులు ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర ఉండదు. మీరు, మీవారు పొద్దున వెళ్లి సాయంత్రం వస్తారు, పాప స్కూలు వదిలాక గాని రాదు. ఆ మధ్య ఏడెనిమిది గంటలు దాన్ని చూడాల్సింది అత్తగారు. ఇష్టం లేదని ముందే చెప్పిన మనిషి, పైగా ఆయాసం ఉన్న మనిషి.

అందుకే ఈ ఇంట్లో అందరికన్నా ముందు అడగాల్సింది ఆవిడనే. పాప కోరిక అడ్డం పెట్టి ఒప్పించడం వేరు, 'మీకు కుదురుతుందా, మీకు ఎక్కడ ఇబ్బంది' అని కూర్చొని అడగడం వేరు. పెద్దవాళ్లు కుక్క వద్దనడానికి తరచుగా గట్టి కారణమే ఉంటుంది. చిన్నప్పుడెప్పుడో కరిచి ఉంటుంది. కాళ్లకు అడ్డం పడితే కిందపడి తుంటి విరుగుతుందన్న భయం ఉంటుంది, అది పూర్తిగా న్యాయమైన భయం. ప్రార్థన గదిలోకి, వంటింట్లోకి రాకూడదన్న పట్టింపు ఉండొచ్చు. వంటింటి గడపకు చిన్న అడ్డు తలుపు పెట్టించడం, కుక్క ఆవిడ గదిలోకి రాకుండా నేర్పడం లాంటివి మీరు చేయగలిగినవే. పగలు రెండుసార్లు వచ్చి చూసుకునేలా పనమ్మాయికి ఇంకొంత జీతం ఇవ్వగలరేమో చూడండి. లేదా మీ ఇద్దరిలో ఒకరు మొదటి రెండు మూడు వారాలు సెలవు సర్దుకోగలరేమో చూడండి. భారమంతా ఆవిడ మీద పడేలా ఉంటే మాత్రం కుక్కను తేవద్దు.

ఆయాసం సంగతి ముందు ఆవిడను చూసే డాక్టరుతో మాట్లాడండి. ఆయన సరేనంటే, కుక్క ఉన్న బంధువుల ఇంటికో స్నేహితుల ఇంటికో వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు తీసుకెళ్లి గంటో రెండు గంటలో కూర్చోబెట్టండి, ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకొనే. తుమ్ములు, కళ్ల దురద, ఛాతీ పట్టేసినట్టు ఉండటం లాంటివి వస్తే కుక్క మాట అక్కడితో ఆపేయాలి. బొచ్చు రాలని జాతి తెస్తే ఏమీ కాదని అమ్మేవాళ్లు చెబుతారు, నమ్మకండి. ఎలర్జీ తెచ్చేది కుక్క లాలాజలంలో, చర్మం పొట్టులో ఉండే ప్రొటీన్లు. బొచ్చు కురచగా ఉన్నా, రాలకపోయినా అవి ఉంటాయి.

ఇంత చెప్పాక, డిసెంబరు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

క్రిస్మస్, కొత్త సంవత్సరం గిరాకీ చూసి పిల్లల్ని తొందరగా తల్లి నుంచి విడదీసి అమ్మేవాళ్లు ఉంటారు. 'నలభై అయిదు రోజుల పిల్ల' అన్న మాట మీవారు వినే ఉంటారు. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ చేయించుకొని ఉండాలి. ఈ ఎనిమిది వారాల లెక్కకు కారణం ఉంది. ఆ వయసులో పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడతాయి. ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యోమని అరిచి ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. పన్ను ఎంత మెల్లగా ఆనించాలో పిల్ల అప్పుడే తెలుసుకుంటుంది. ఆ పది పదకొండు రోజులు తగ్గించి తెచ్చిన పిల్ల ఆ పాఠాన్ని మీ పాప చేతుల మీద, కాళ్ల మీద నేర్చుకుంటుంది.

రెండోది పార్వో. ఇది పేగులకు వచ్చే వైరస్ జబ్బు, టీకాలు పూర్తికాని పిల్లల్ని ఎక్కువగా చంపేది ఇదే. ఒంట్లో చేరాక మూడు నుంచి ఏడు రోజుల వరకు బయటికి ఏమీ తెలియదు. నాలుగైదు చోట్ల నుంచి తెచ్చిన పిల్లల్ని ఒకే గూట్లో పెట్టి, చలిలో బండి మీదో బస్సులోనో ఊళ్లు దాటిస్తే ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. 24న గెంతులేసిన పిల్ల 29కో 30కో తిండి మానేస్తుంది. వాంతులు, ఆ తర్వాత రక్తంతో కలిసిన నీళ్ల విరేచనాలు. సెలైన్ పెట్టి, రాత్రింబగళ్లు కనిపెట్టుకొని వైద్యం చేస్తే చాలావరకు బతుకుతాయి, వేళకు వైద్యం అందకపోతే చాలా పిల్లలు దక్కవు. క్రిస్మస్ తర్వాతి వారంలో టవల్‌లో చుట్టుకొని తెచ్చిన కుక్కపిల్లలు, పక్కనే ఏడుస్తున్న పిలకాయలు నా ఉద్యోగంలో ఏటా చూసిన దృశ్యం. ఆ వైరస్ నేల మీద, మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది కాబట్టి, వెంటనే ఇంకో పిల్లను తెచ్చి పాపను ఓదార్చడానికీ వీలుండదు.

మూడోది పండగ ఇల్లు. 24 రాత్రి ఆరాధన, 25న చుట్టాలు, భోజనాలు, క్యారల్స్ వాళ్లు, 31 రాత్రి మళ్లీ ఆరాధన, ఆ వెంటనే టపాకాయలు. ఇంకో రెండు వారాలకు సంక్రాంతి సెలవులు, ఊరి ప్రయాణాలు. కొత్తగా వచ్చిన పిల్లకు కావాల్సింది నిదానంగా ఉన్న ఇల్లు, రోజూ అవే ముఖాలు, అవే వేళలు. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం వరకు కుక్కపిల్ల మనసులో ఏది పడితే అది బలంగా నాటుకుంటుంది. మంచి అయినా అంతే, భయం అయినా అంతే. ఆ వయసులో టపాకాయ పక్కనే పేలితే, జీవితాంతం దీపావళికి మంచం కింద దూరి వణికే కుక్క తయారవుతుంది.

పండగ తిండి సంగతి కూడా. ప్లమ్ కేకులో ఉండే ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఏ కుక్కకు ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం, అందుకే ఒక్క ముక్క కూడా వద్దు. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థం గుండెను, నరాలను పట్టుకుంటుంది. బిర్యానీలో ఉడికిన ఎముక విరిగితే సూదుల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి వేసిన మసాలా కూర కుక్క రక్తానికి మంచిది కాదు. క్రిస్మస్ చెట్టు మీద మంచు కోసం అంటించిన దూది, మెరుపు దారాలు మింగితే పేగు మూసుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. ఇంటినిండా చుట్టాలున్న రోజున ఎవరు ఏం పెడుతున్నారో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఈ బాధ మన ఒక్కరిదే కూడా కాదు. కుక్క అంటే బతికున్నన్నాళ్లూ, క్రిస్మస్ ఒక్కరోజుకే కాదు అని బ్రిటన్‌లో 1978లోనే ఒక నినాదం పుట్టింది. ఇప్పుడు డాగ్స్ ట్రస్ట్ అని పిలిచే సంస్థ దాన్ని ప్రచారం చేసింది. పండగ కానుకగా కొన్న కుక్కల్ని కొన్నాళ్లకే వదిలేస్తుంటే చూడలేక మొదలుపెట్టిన పని అది.

జనవరి ఆఖరు ఎందుకంటే, అప్పటికి ప్రయాణాలు అయిపోతాయి, ఇల్లు మామూలు పద్ధతిలో పడుతుంది. చలి తగ్గుముఖం పడుతుంది, ఎండలు ఇంకా రావు. అప్పుడు ఎనిమిది వారాల పిల్ల వస్తే, టీకాలన్నీ మార్చి ఆఖరుకు పూర్తవుతాయి. ఏప్రిల్ మొదట్లో పొద్దున్నే బయటికి నడిపించవచ్చు. పాపకు వేసవి సెలవులు వచ్చేసరికి కుక్క ఇంటి అలవాట్లు నేర్చుకొని, ఆడుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.

ఏ కుక్క అన్నది ఇప్పుడు చూద్దాం. లాబ్రడార్ మంచి స్వభావం గలది, పిలకాయలతో కలిసిపోతుంది, దాన్ని తప్పుపట్టను. కానీ పెద్దదయ్యాక పాతిక నుంచి ముప్పై అయిదు కిలోలు ఉంటుంది. రోజూ పొద్దున, సాయంత్రం బాగా నడిపించకపోతే లావెక్కుతుంది, కీళ్లు పాడవుతాయి, విసుగుతో ఇంట్లో సామాన్లు కొరుకుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చల్లదనం. ఎండాకాలంలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటే రోజుల్లో మేడ మీద ఇంట్లో, పైన నేరుగా స్లాబ్ కాగుతుంటే దానికి నరకం. లాబ్రడారే కావాలంటే ఫ్యాను, నీడ, తడి నేల, పొద్దున ఏడులోపు నడక తప్పవు. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి మంచు దేశాల కుక్కల్ని మాత్రం మన ఊళ్లో ఎవరూ కొనవద్దు. ముక్కు లోపలికి నొక్కుకుపోయిన పగ్ కూడా ఈ ఎండకు ఊపిరందక అవస్థ పడుతుంది.

నన్నడిగితే నాటు పిల్లను తెచ్చుకోమంటాను. మన వాతావరణానికి పుట్టిన ఒళ్లు. పదిహేను, ఇరవై కిలోలకు మించి పెరగడం అరుదు. తెలివైనది, ఇంటి మనిషిని అంటిపెట్టుకొని ఉంటుంది. వీధి కుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో ఎదకొస్తాయి. చూలు సుమారు 63 రోజులు. అందుకే చలికాలంలో వీధి చివర, కడుతున్న ఇళ్ల ఇసుక కుప్పల దగ్గర పిల్లలు కనిపిస్తాయి. జనవరి ఆఖరుకు ఎనిమిది వారాలు నిండిన పిల్ల దొరకడం మీకు కష్టం కాదు. ముద్దొస్తోందని కళ్లు తెరిచీ తెరవని పిల్లను తల్లి దగ్గర నుంచి లాక్కు రావద్దు. అప్పటిదాకా ఆ తల్లికి రోజూ కాస్త అన్నం, నీళ్లు పెట్టండి. ఆ పని మీరు చేయండి, పాప దూరంగా నిలబడి చూడాలి. పిల్లలున్న తల్లి దగ్గరికి ఎవరు వెళ్లినా మీదికి రావచ్చు.

కొన్నా, తెచ్చుకున్నా, తల్లిని చూడకుండా పిల్లను తీసుకోవద్దు. తల్లి మనుషుల్ని చూసి దాక్కుంటోందా, దగ్గరికి వస్తోందా అన్నది చూస్తే పిల్ల స్వభావం సగం తెలుస్తుంది. పిల్ల చురుగ్గా ఉండాలి, కళ్లలో ముక్కులో పుసి, చీమిడి ఉండకూడదు, చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. పొట్ట కుండలా ఉబ్బి ఉంటే నులిపురుగులు ఉన్నట్టు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు మన ప్రాంతంలో ఎక్కువ, అవి రక్తాన్ని విరిచేస్తాయి. 'టీకాలన్నీ అయిపోయాయి' అని నోటిమాటగా చెబితే సరిపోదు. తేదీ, సీసా మీది స్టిక్కరు, డాక్టరు సంతకం ఉన్న కార్డు అడగండి. ఎనిమిది వారాల పిల్లకు టీకాలన్నీ అయిపోవడం జరగని పని.

టీకాల లెక్క ఇది. పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బులకు కలిపి ఇచ్చే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేస్తూ పదహారు వారాలు నిండేదాకా కొనసాగించాలి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది, అందుకే ఇన్నిసార్లు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా. నులిపురుగుల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. కుక్క నులిపురుగుల గుడ్లు పిలకాయల కడుపులోకి చేరే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని వాయిదా వేయకండి. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) నాడు పశుసంవర్ధక శాఖ ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంది. తర్వాతి ఏళ్లలో అది గుర్తుపెట్టుకోండి, మొదటి టీకాకు మాత్రం ఆ రోజు కోసం ఆగవద్దు. కష్టమైన జబ్బు ఏదైనా వస్తే తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. 1955లో మొదలైన కాలేజీ, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. మీకు గంటన్నర, రెండు గంటల దూరం.

రేబిస్ గురించి పాపకు కూడా అర్థమయ్యేలా చెప్పాలి. మన కుక్క కరిచినా, వీధి కుక్క కరిచినా, గీరి రక్తం వచ్చినా దాచకుండా వెంటనే ఇంట్లో చెప్పాలి. తిడతారనో, కుక్కను పంపించేస్తారనో భయపడి పిలకాయలు దాస్తారు. చెప్పినందుకు ఎప్పుడూ కోప్పడమని ముందే మాటివ్వండి. కరిచిన చోట కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. అక్కడి నుంచి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి వేసే టీకాలు మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో ఉంటాయి. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే, వెంటనే రక్షణ ఇచ్చే సీరం కూడా వేస్తారు. చిన్నపిల్ల కదా, దానికి రేబిస్ ఎక్కడిదని అనుకోవద్దు, టీకా పడని కుక్కపిల్లకూ రావచ్చు. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకని జబ్బు ఇది. టీకా వేళకు పడితే మాత్రం పూర్తిగా ఆపగలిగే జబ్బు.

పాపకు నేర్పాల్సినవి కొన్నే, కానీ గట్టిగా నేర్పాలి. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు. మెడ చుట్టూ చేతులేసి కావలించుకోకూడదు, ముఖం మీద ముఖం పెట్టకూడదు. మనకు అది ముద్దు, చాలా కుక్కలకు అది ఇరికించినట్టు. లేచి పక్కకు పోతే వెంటపడకూడదు. కుక్కకంటూ ఒక మూల ఉండాలి, అక్కడికి వెళ్తే దాన్ని ఎవరూ పిలవకూడదు. పాప చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. నీళ్ల గిన్నె నింపడం, కొలిచి తిండి పెట్టడం, బొచ్చు దువ్వడం, చిన్న ముక్క చేతిలో పెట్టుకొని 'కూర్చో' నేర్పడం, టీకా తేదీలు క్యాలెండర్‌లో రాయడం. రోడ్డు మీద గొలుసు పట్టుకొని ఒంటరిగా నడిపించడం మాత్రం ఇప్పుడే వద్దు. వీధి కుక్కలు గుంపుగా వస్తే ఎనిమిదేళ్ల చెయ్యి ఆపలేదు. కుక్క ఎంత మంచిదైనా మొదటి ఏడాది పాపను, దాన్ని పెద్దవాళ్లు లేకుండా ఒకే గదిలో వదలకండి.

అద్దె ఇల్లు కదా, ఇంటి యజమానితో ఇప్పుడే మాట్లాడండి. ఒప్పుకుంటే ఒక కాగితం మీద రాయించుకోండి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ అద్దె ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నది వేరే సంగతి. ఇల్లు మారాల్సి వచ్చి కుక్కను వదిలేసిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. నగరపాలక సంస్థలో కుక్క రిజిస్ట్రేషన్ గురించి కూడా కనుక్కోండి. ఖర్చు విషయానికొస్తే, కొన్న ధర ఒక్కసారితో పోతుంది. తిండికి, టీకాలకు, పిడుదుల మందుకు, ఎదకొచ్చే వయసులో పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్‌కు, అనుకోని జబ్బులకు కలిపి నెలకు రెండు మూడు వేలు పక్కన పెట్టగలరేమో లెక్క వేసుకోండి. పెద్ద జాతి అయితే ఇంకా ఎక్కువ. సంక్రాంతికి, వేసవికి ఊరెళ్తే కుక్కను ఎవరు చూస్తారన్నది ఇప్పుడే పేరుతో సహా అనుకోండి.

మరి 25 పొద్దున పాపకు ఏం ఇవ్వాలి? ఇక్కడ నాదో గట్టి అభిప్రాయం. కుక్కను క్రిస్మస్ తాత ఇచ్చినట్టు చేయకండి. తాత ఇచ్చే కానుక బొమ్మో, పుస్తకమో, సైకిలో కావచ్చు. ప్రాణమున్న దాన్ని మాత్రం అమ్మానాన్నలు ఆలోచించి, అవ్వను అడిగి, అందరం కలిసి తెచ్చుకున్నామని బిడ్డకు తెలియాలి. ఇంట్లో అందరూ సరే అనుకున్నాక, చర్చి నుంచి వచ్చి కేకు కోసే వేళ పాపకు ఒక ఉత్తరం ఇవ్వండి. 'నీ కోరిక విన్నాం. సంక్రాంతి నుంచి తిరిగొచ్చాక కుక్కపిల్ల మనింటికి వస్తుంది. అప్పటిదాకా మనం సిద్ధం కావాలి' అని రాసి, మీరు, మీవారు, అత్తగారు సంతకాలు పెట్టండి. దాంతో పాటు ఒక నీళ్ల గిన్నె, మెడ పట్టీ, దువ్వెన ఇవ్వండి. పేరు ఆలోచించడానికి, పడక కుట్టడానికి, ఎక్కడ పడుకోబెట్టాలో చూసుకోవడానికి పాపకు నెల రోజులు దొరుకుతాయి. ఆ ఎదురుచూపులో ఉండే సంతోషం మీరు తక్కువ అంచనా వేయకండి.

ఆ నెలలో మీరు కూడా ఒక పని చేయండి. కుక్క ఉన్నట్టే బతికి చూడండి. పొద్దున ఆరింటికి లేచి పాపతో అరగంట నడవండి, సాయంత్రం మళ్లీ నడవండి. ఎవరు లేస్తున్నారు, ఎవరు వంక పెడుతున్నారు అని గమనించండి. గమనించాల్సింది పెద్దవాళ్లనే. పాప ఒకరోజు లేవకపోతే 'చూశావా, నీకు కుక్క ఎందుకు' అనవద్దు. కుక్క వచ్చాక కూడా 'హోంవర్క్ చేయకపోతే ఎవరికైనా ఇచ్చేస్తాం' అని ఎప్పుడూ బెదిరించకండి. మన మీద ఆధారపడిన ప్రాణిని ఇష్టం లేనప్పుడు వదిలించుకోవచ్చు అన్న మాట ఆ వయసులో చెవిన పడకూడదు.

ఒకవేళ అత్తగారి ఆరోగ్యం ఒప్పుకోకపోయినా, ఇంటి యజమాని కాదన్నా, మీ ఉద్యోగాలతో కుదరదనిపించినా, పాపకు క్రిస్మస్ ముందే చెప్పేయండి. 25 పొద్దున దాకా ఆశతో ఉంచి, పెట్టె తెరిచి చూస్తే టెడ్డీ ఉండటం కన్నా ముందే ఏడవనివ్వడం మేలు. నిజమైన కారణమే చెప్పండి. 'అవ్వకు ఊపిరాడదు, పగలు చూసేవాళ్లు లేరు' అంటే ఎనిమిదేళ్ల బిడ్డకు అర్థమవుతుంది. బదులుగా మీ వీధిలో ఉండే ఒక కుక్కకు టీకా వేయించడం, గేటు బయట నీళ్ల తొట్టి పెట్టడం, కుక్క ఉన్న బంధువుల ఇంటికి ఆదివారాలు వెళ్లడం లాంటివి చేయొచ్చు. కుక్క కుదరలేదని రామచిలుకనో, నక్షత్ర తాబేలునో మాత్రం తేవద్దు. వన్యప్రాణుల చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెట్టుకోవడం నేరం.

మీవారు ఇచ్చిన అడ్వాన్స్ సంగతి. ఈ వారంలోనే ఆయన్ను తిరుపతి వెళ్లి, పిల్ల పుట్టిన తేదీ అడగమనండి, తల్లిని చూపించమనండి. చూపించి, ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లను తల్లి దగ్గరే ఉంచుతానని, మొదటి టీకా వేయించి సంక్రాంతి తర్వాత ఇస్తానని ఆయన ఒప్పుకుంటే, మీ ఇంట్లో అందరికీ సరే అయితే, ఆ పిల్లనే తెచ్చుకోండి. ఉంచుకునే రోజులకు తిండి ఖర్చు అడిగితే ఇచ్చేయండి, అది న్యాయమే. '24న తీసుకెళ్లకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తా' అన్నా, తల్లిని చూపించకపోయినా, ఆ అడ్వాన్స్ తిరిగిరాకపోయినా సరే, అక్కడ కొనవద్దు. సంక్రాంతి తర్వాత పిల్లను తెచ్చిన రోజే, లేదా మర్నాడు, కార్డు పట్టుకొని చిత్తూరు ప్రభుత్వ పశువైద్యశాలలో చూపించండి. పాపను కూడా తీసుకెళ్లండి.